కాస్మిక్ కిరణాల ఫార్వర్డ్ గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ వాట్సాప్ ఫార్వర్డ్ గారికి,

రాత్రి కిరణాలు వచ్చి వెళ్లాయట. మేమంతా క్షేమం. మీ క్షేమం నేను అడగక్కర్లేదు. ఏళ్ల తరబడి చూస్తున్నాను, మీకు రోగం లేదు, రొష్టు లేదు, ముసలితనం అసలే లేదు. ఈలోగా నేను నాలుగు ఫోన్లు మార్చాను. మీరు ఒక్క అక్షరం మార్చుకోలేదు.

కాదు, ఒకటి మార్చారు. మొదట్లో సింగపూర్ టీవీలో చెప్పారనేవారు. తర్వాత నాసా బీబీసీకి చెప్పిందన్నారు. నాసా పోయిపోయి బీబీసీకి చెప్పడమేమిటో, బీబీసీ ఆ ముక్కని లోకంలో ఇంకెవరికీ చెప్పకుండా మా పెద్దమామయ్య చెవిన వేయడమేమిటో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు ఆయన ద్వారానే మా ఫ్యామిలీ గ్రూపులోకి మళ్లీ దయచేశారు. 12:30 నుంచి 3:30 దాకా అంగారకుడి నుంచి కాస్మిక్ కిరణాలు, ఫోన్లు ఆపేయండి, ఒంటికి దూరంగా పెట్టండి, అందరికీ పంపండి. చివర మూడు ఎర్ర సైరన్లు, నాలుగు దండాలు. పది గంటలకల్లా అమ్మ రెండు ఫోన్లు పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది.

"ఇవి ఆపడం ఎలారా?"

మా ఇంట్లో ఫోన్లు మాట్లాడడం, వీడియోలు చూడడం, మిమ్మల్ని నలుగురికీ పంపడం అందరికీ వచ్చు. పూర్తిగా ఆపడం ఎవరికీ రాదు, కొన్నాక ఎప్పుడూ ఆపిన పాపాన పోలేదు గనక. ఆ విద్య తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. పైగా డిగ్రీలో ఫిజిక్సు చదివినవాణ్ని.

"అమ్మా, అదంతా ఒట్టిదే" అన్నాను.

"నాకు మాత్రం తెలీదా? ఎందుకైనా మంచిది, ఆపు."

ఆపాను. అమ్మది, నాన్నది, చివరికి నాది. నాన్న పనిలో పనిగా వైఫై డబ్బా కూడా పీకేశారు, టీవీ ప్లగ్గు తీసేశారు. ఫ్రిజ్ దగ్గర కాస్త చర్చ జరిగింది. కిరణాలు వంటింటి దాకా రావని అమ్మ తీర్పు చెప్పింది.

పొద్దున్న ఏడుంబావుకి ఆన్ చేస్తే బావ దగ్గర్నుంచి పద్నాలుగు మిస్డ్ కాల్స్.

అక్క పురుడుకి ఇంకా మూడు వారాలుందన్నారు. తొందరపడి పాప నిన్న రాత్రే వచ్చేసింది. ఇక్కడి లెక్కలో 1:52కి. గ్రూపు తెరిస్తే పైన మీరున్నారు. మీ కింద పదకొండు దండాలు, రెండు "సమాచారానికి ధన్యవాదాలు", "మా ఆఫీసు గ్రూపుకి కూడా పంపాను" అని ఒకటి. వాటి కింద ఎర్రగా, కళ్లు గట్టిగా మూసుకుని, పిడికిళ్లు బిగించి పాప ఫోటో. దాని కింద ఏమీ లేదు. ఐదు గంటలకు పైగా ఒక్కళ్లు ఒక్క మాట అనలేదు. ఏ విషయంలోనూ ఒక్కమాట మీద నిలబడని చుట్టాలు, మీ మాట మీద మాత్రం నిలబడ్డారు.

"అమ్మకి ఫోన్ కలపండి, ఏడుపు వినిపించాలి" అని లేబర్ రూములోంచి అక్క అడిగిందట. పాప ఏడ్చినంతసేపూ బావ ప్రయత్నిస్తూనే ఉన్నాడు. విచిత్రమేమిటంటే, అమ్మ అప్పుడు మేలుకునే ఉంది. మూడున్నర ఎప్పుడవుతుందా అని గోడ గడియారం చూస్తూ పడుకుంది.

అయ్యా, ఆ గడియారం గురించే తమరిని ఒక్క మాట అడగాలి.

12:30 అన్నారు. ఎవరి 12:30?

భూమి గుండ్రంగా ఉందన్న సంగతి తమరిదాకా వచ్చిందో లేదో. ఒకచోట అర్ధరాత్రయితే ఇంకోచోట మిట్టమధ్యాహ్నం. తమరేమో ఏ దేశంలో వెలసినా ఇదే టైము చెబుతారు. అంటే ఆ కిరణాలు అంత దూరం నుంచి పడి పడి వచ్చి, సరిహద్దు దగ్గర ఆగి, వాచీ చూసుకుని, "ఇక్కడింకా పదకొండే, ఇంకో గంటన్నర కూర్చుందాం" అనుకుంటాయన్నమాట. పక్క దేశం గడియారం అరగంట ముందుంటే అక్కడికి వేరే జట్టు వెళ్తుంది కాబోలు. కొన్ని దేశాల్లో ఏటా ఒక రాత్రి గడియారాలు గంట ముందుకు తిప్పుతారు, ఇంకో రాత్రి వెనక్కి తిప్పుతారు. ఆ రాత్రుల్లో ఏం చేస్తాయి? జీతం కోస్తారా? 3:30 కాగానే డ్యూటీ దిగిపోవడం మాత్రం నాకు నచ్చింది. మనుషుల ఆఫీసుల్లో కూడా అంత క్రమశిక్షణ చూడలేదు. అక్క ఉన్న దేశంలో అప్పుడు సాయంత్రం. అక్కడికింకా కిరణాలు రాలేదు గనక బావ ధైర్యంగా ఫోన్ చేశాడు. మా దగ్గరికి వచ్చేశాయి గనక మేం ఎత్తలేదు. తమరి శాస్త్రం ప్రకారం అన్నీ సక్రమంగానే జరిగాయి.

తమరు పూర్తిగా అబద్ధమైతే నాకింత కడుపుమంట ఉండేది కాదు. కాస్మిక్ కిరణాలు నిజం. కాకపోతే అవి 12:30కి రావు, ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. వాటివల్ల పుట్టే మ్యువాన్ అనే చిట్టి కణాలు సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి ఒకటి లెక్క. తమరికి చేయి లేదు గానీ, ఉన్నవాళ్లెవరైనా అరచేయి ఆకాశం వైపు చాపితే సెకనుకు దాదాపు ఒకటి అందులోంచి దూసుకుపోతుంది. పగలూ పోతుంది, రాత్రీ పోతుంది. ఫోన్ ఆన్‌లో ఉన్నా పోతుంది, చెరువులో పారేసినా పోతుంది. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు మన గాలి పైపొరల్ని గుద్దుకుంటే పుట్టే కణాలివి. ఆయుష్షు చూస్తే 2.2 మైక్రోసెకన్లు. ఎంత వేగంగా పరిగెత్తినా ముప్పావు కిలోమీటరు దాటకుండానే రాలిపోవాలి. పది పదిహేను కిలోమీటర్ల పైనుంచి నేలదాకా ఎలా వస్తున్నాయంటే, అంత వేగంగా పోయేవాటి గడియారం మన లెక్కలో నెమ్మదిగా నడుస్తుందని అయిన్‌స్టీన్ చెప్పాడు కాబట్టి. (ఆయన చెప్పకపోయినా వచ్చేవి లెండి.) గడియారం గురించి ఇంత మంచి కథ చేతిలో ఉండగా, చెప్పడానికి తమరికి పన్నెండున్నరే దొరికిందా?

1912లో విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా ఆయన వీటిని పట్టుకోవడానికి బెలూన్ ఎక్కాడు. రేడియేషన్ నేలలోంచి వస్తోందని అప్పట్లో అనుకునేవారు. అలాగైతే పైకి పోయేకొద్దీ తగ్గాలి. ఏప్రిల్లో సూర్యగ్రహణం రోజున ఎగిరి చూశాడు, సూర్యుడు మూతపడినా ఏమీ తగ్గలేదు. ఆగస్టు 7న 5,000 మీటర్లు దాటి పోయాడు. తగ్గకపోగా పెరిగింది. ఇది పైనుంచి వస్తోందన్నాడు, 1936లో నోబెల్ ఇచ్చారు. వాటికోసం ఆయన ఆకాశంలోకి పోయాడు. మేం దుప్పట్లోకి పోయాం.

అంగారకుడి మీద నింద వేయడం మరీ అన్యాయం. అక్కడ గాలి పలచన, మనకున్నట్టు గ్రహమంతటినీ కాచే అయస్కాంత క్షేత్రం లేదు. ఆ కిరణాలు దాని నేల మీదే ఎక్కువ పడతాయి. దెబ్బలు తింటున్నవాడి మీదే కొట్టాడని కేసు పెట్టారు. అన్నట్టు, ఆగస్టు 27న అంగారకుడు చందమామంత కనిపిస్తాడని ఏటా వచ్చి చెప్పేది మీ తమ్ముడేగా? 2003లో ఆ రోజున అంగారకుడు నిజంగానే బాగా దగ్గరికొచ్చాడు. ఆ ఒక్క నిజాన్ని తాకట్టు పెట్టి ఇన్నేళ్లుగా సంసారం నడుపుతున్నాడు.

మీ పక్షాన కూడా ఒకటి చెప్పాలి. ఈ కిరణాలకు ఎలక్ట్రానిక్స్‌తో పేచీ ఉన్నమాట నిజమే. మెమరీలో ఒక సున్నాని ఒకటిగా మార్చేయగలవు. 2003లో బెల్జియం ఎన్నికల్లో ఒకచోట ఒక అభ్యర్థికి కంప్యూటర్ లెక్కలో 4,096 ఓట్లు ఎక్కువ వచ్చాయి. రెండుని పన్నెండుసార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య అది, మెమరీలో ఒక్క బిట్, అంటే అలాంటి ఒక్క సున్నా, తిరగబడితే సరిగ్గా అంత తేడా రాగలదు. కాస్మిక్ కిరణం పనేమోనని అనుమానపడ్డారు, రుజువు చేయలేకపోయారు. ఆ లెక్కన రాత్రి భయపడాల్సింది మేం కాదు, మా ఫోన్. దాన్ని మంచానికి దూరంగా పెట్టి ఎవరిని ఎవరి నుంచి కాపాడినట్టు?

సరే, ఇదంతా అమ్మకి రాత్రే చెప్పొచ్చుగా అంటారు. చెప్పినా ఆపమనేది. మా అమ్మ అమాయకురాలు కాదు. డాక్టర్ ఒక మాత్ర రాస్తే పది ప్రశ్నలు వేస్తుంది. ఐదు రోజుల యాంటీబయాటిక్ రాస్తే మూడో రోజున, "తగ్గిందిగా, అన్ని మందులు ఒంటికి మంచివి కావు" అని ఆపేస్తుంది. నాన్న రాత్రంతా ఫోన్‌ని తలగడ కింద చార్జింగులో పెట్టుకుని పడుకుంటారు. వేడెక్కుతుంది, ప్రమాదం అని వందసార్లు చెప్పాను. "ఏం కాదులే" అంటారు. నిన్న రాత్రి ఒక్కటే ఆ తలగడ కింద ఫోన్ లేదు, అదీ మీ దయే, దానికి థాంక్స్. నేను చెబితే "ఏం కాదులే". మీరు చెబితే "ఎందుకైనా మంచిది". ఈ రెండు మాటల మధ్య మా ఇంట్లో సైన్సు ఎప్పుడో నలిగిపోయింది.

నీ కిటుకు అక్కడే ఉంది. ఇంక "మీరు" అనడం నా వల్ల కాదు. నువ్వు నమ్మమని అడగవు. పాటించమంటావు, అంతే. డబ్బులడగవు, సూది గుచ్చవు, మానేయమనవు, తాగమనవు. మూడు గంటలు ఏమీ చేయకుండా పడుకోమంటావు. దానికి ఎవడు కాదంటాడు? పొద్దున్నే పెద్దమామయ్యకి ఫోన్ చేసి కడిగేశాను. "నేను నమ్మానా ఏంట్రా, వచ్చింది, పంపాను" అన్నాడు. ఆయనకి పంపినాయన కూడా నమ్మలేదట. గ్రూపులో దండాలు పెట్టిన పదకొండు మందిలో నలుగురిని అడిగాను. ఒక్కళ్లూ నమ్మలేదు. నలుగురూ ఆపారు.

నేనూ అంతే. ఒంటిగంటన్నరకు మెలకువ వచ్చింది. ఫోన్ చేతికందే దూరంలోనే ఉంది. టైము చూద్దామని తీసుకున్నాను, బొటనవేలు బటన్ మీద పెట్టాను. మ్యువాన్ ఆయుష్షు తెలుసు, హెస్ బెలూన్ సంగతి తెలుసు, అన్నీ తెలుసు. అయినా వేలు ఆగింది. ఇంకో రెండు గంటలేగా అనుకున్నాను. అక్కడ పెట్టేసి అటు తిరిగి పడుకున్నాను. ఇరవై రెండు నిమిషాల తర్వాత పాప పుట్టింది.

ఆ ఏడుపు మళ్లీ రాదు. విన్నావా? ఇకముందు పాప లక్షసార్లు ఏడుస్తుంది, అది మాత్రం రాదు. నీకేం పోయింది? సైరన్ బొమ్మలు పెట్టుకుని పక్క గ్రూపుకి పోయావు. అక్కడ ఎవరికి ఏ కబురు అందకుండా చేశావో నీకే తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. అమ్మ ఇది నీ తప్పని కూడా అనుకోవడం లేదు. "అంత రాత్రిపూట ఎవరు అనుకుంటారు" అంటోంది. ఎవరో అనుకున్నారమ్మా. పద్నాలుగుసార్లు అనుకున్నారు.

మధ్యాహ్నం వీడియోలో పాపని చూపించారు. నిద్రపోతోంది. అమ్మ తెర మీద వేలితో బుగ్గ నిమిరితే కాల్ కట్టయింది, మళ్లీ చేయాల్సొచ్చింది. అంతా అయ్యాక ఫోన్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏదో లెక్క వేస్తోంది.

"ఒరేయ్, పాప పుట్టినప్పుడు అక్కడ సాయంత్రమేగా? పన్నెండున్నర కాలేదుగా? కిరణాలు తగిలుండవుగా?"

ఈసారి దాచలేదు. "తగులుతూనే ఉంటాయమ్మా. సెకనుకి ఓ పది. కడుపులో ఉన్నప్పట్నుంచీ తగులుతున్నాయి. అక్కకీ, నీకూ, నాకూ, పుట్టిన అందరికీ. మనం వాటి మధ్యే పుట్టాం, వాటి మధ్యే తిరుగుతున్నాం."

అమ్మ తన అరచేయి వైపు చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది.

"ఈ సంగతి మాత్రం గ్రూపులో పెట్టకు. భయపడతారు."

ఇట్లు,
మూడు ఫోన్లూ తన చేత్తోనే ఆపినవాడు