డుబ్రోవ్నిక్ ట్రిప్ పోస్టుకి సవరణ

మొన్న క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌కి రెండు రోజుల ప్లాన్ రాస్తూ, అదే దేశంలోని స్ప్లిట్ నగరం నుంచి రోడ్డు మీద వెళ్తే మధ్యలో నేయుమ్ అనే ఊరి దగ్గర బోస్నియా బోర్డర్ దాటక తప్పదు అన్నాను కదా, అది తప్పు, పాత సమాచారం చూసి రాసేశాను. 2022 జులైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచాక క్రొయేషియా లోపలే నేరుగా వెళ్లిపోవచ్చు, అక్కడి టూరిజం వాళ్ల సమాచారంలోనే ఉంది. సింగిల్ ఎంట్రీ (ఒక్కసారే లోపలికి రానిచ్చే) షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా మీద వెళ్లే మనవాళ్లకి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఒక్కసారి బోస్నియాలోకి వెళ్తే అదే వీసాతో మళ్లీ క్రొయేషియాలోకి రానివ్వరు. బస్సయితే టికెట్ కొనేముందే ఏ రూట్లో పోతుందో అడగండి. క్రొయేషియా పాత కరెన్సీ కూనాలు మార్చుకోమన్నదీ తప్పే, 2023 జనవరి 1 నుంచి అక్కడ యూరోలే. డుబ్రోవ్నిక్ పాత నగరం చుట్టూ ఉన్న కోటగోడ మీద నడక గురించి రాసింది మాత్రం సరైనదే, దాదాపు రెండు కిలోమీటర్లు, మెట్లెక్కువ, నీడ తక్కువ, పొద్దున్నే వెళ్లండి.