అలకనంద లోయలో చూడకుండా దాటిపోతున్నవి

రిషీకేశ్‌లో తెల్లవారుజామున బయలుదేరిన బస్సు, దారిలో కొండచరియలు విరిగిపడకపోతే, చీకటి పడే వేళకు జోషీమఠ్ చేరుతుంది. మర్నాడు బదరీనాథుడి దర్శనం, వెంటనే తిరుగు ప్రయాణం. సుమారు 300 కిలోమీటర్ల దారిలో యాత్రికుడు లోయను చూసేది కిటికీలోంచే. కాలినడకన వారాల తరబడి సాగిన రోజుల్లో మాత్రం యాత్ర అంటే ఈ లోయే. గుడి దానికి చివరి మజిలీ. దారిని చూడటం మానేశాక మనం పోగొట్టుకున్నది పుణ్యం ఒక్కటే కాదు, ఈ కొండల గురించిన ఎరుక కూడా.

దేవప్రయాగనే తీసుకోండి. నురగలు కక్కుతూ దూకే భాగీరథి, నింపాదిగా వచ్చే అలకనంద ఇక్కడ కలుస్తాయి. కలిసిన చోట రెండు నీళ్లూ కాసేపు వేర్వేరు రంగుల్లో పక్కపక్కనే పారతాయి. గంగ అనే పేరు ఇక్కడి నుంచే మొదలవుతుంది. స్నానఘట్టం దగ్గర రాతికి బిగించిన ఇనుప గొలుసులుంటాయి, వాటిని పట్టుకోకుండా నీళ్లలోకి దిగితే ప్రవాహం లాగేస్తుంది. పైన రఘునాథాలయం వెనుక బండమీద బ్రాహ్మీ లిపిలో పేర్లు చెక్కి ఉన్నాయి. పదిహేను శతాబ్దాలకు పూర్వమే ఇంత దూరం నడిచి వచ్చిన యాత్రికుల పేర్లవి. యాత్రికులకు పూజలు చేయించే బదరీ పండాల ఇళ్లూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. వచ్చిన కుటుంబాల తరాల వివరాలు వాళ్ల బహీల్లో, అంటే వంశావళి పుస్తకాల్లో, నమోదై ఉంటాయి. ఇప్పుడు చాలా బస్సులు ఎదుటి కొండమీద ఐదు నిమిషాలు ఆగుతాయి. యాత్రికులు ఫోన్లతో ఫొటోలు తీసుకుని కదిలిపోతారు.

నడక దారిలో కొన్ని మైళ్లకొక చట్టీ, అంటే యాత్రికుల మజిలీ, ఉండేది. అక్కడి దుకాణంలో బియ్యం, పప్పు కొన్నవారికి తలదాచుకునే చోటు, వండుకోవడానికి గిన్నెలు ఉచితం. కాలీకమ్లీవాలా బాబా అనే సాధువు పేరిట వెలసిన ధర్మశాలలు పేదలకు ఆసరా అయ్యాయి. హనుమాన్ చట్టీ వంటి ఊరి పేర్లలో ఆ ఏర్పాటు ఇంకా మిగిలి ఉంది. చీకటి పడేలోగా చట్టీకి చేరాలంటే వాగు పొంగుతోందా, చరియ కదులుతోందా అని యాత్రికుడు అడిగి తెలుసుకోక తప్పేది కాదు. 1962 యుద్ధం తర్వాత సైనిక అవసరాల కోసం రోడ్లు పైకి సాగాయి, చట్టీలు ఖాళీ అయ్యాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేది 1894 నాటి వరద. అంతకు ముందు ఏడాది అలకనందలో కలిసే బిరహీ గంగకు అడ్డంగా కొండ కూలి, గోహ్నా దగ్గర పెద్ద సరస్సు ఏర్పడింది. అది ఎప్పటికైనా పొర్లుతుందని ఇంజనీర్లు లెక్కగట్టారు. లోయ పొడవునా టెలిగ్రాఫ్ తీగ వేశారు, వరద ఎంత ఎత్తుకు రావచ్చో గుర్తులు పెట్టించారు, వేలాడే వంతెనలు విప్పించారు. ఆగస్టు 25 రాత్రి కట్ట తెగింది. దిగువన గఢ్వాల్‌లోని శ్రీనగర్ (కశ్మీర్‌ది కాదు) పాత పట్టణం తుడిచిపెట్టుకుపోయింది. అయినా అధికారిక లెక్కల్లో చనిపోయింది ఐదుగురే. వద్దన్నా వెనక్కి వెళ్లిన ఒక ఫకీరు, అతని కుటుంబం.

2021 ఫిబ్రవరి 7న జోషీమఠ్‌కు ఎగువన రిషిగంగ, ధౌలీగంగ నదుల్లో మంచు, రాళ్లు, బురద కలిసి విరుచుకుపడినప్పుడు రెండు వందల మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. తపోవన్ దగ్గర జలవిద్యుత్ ప్రాజెక్టు సొరంగంలో చిక్కుకున్న కార్మికుల సంగతి దేశమంతా చూసింది. నిజమే, గోహ్నాలో నెలల గడువు దొరికింది, ఇక్కడ నిమిషాలే. రెండింటినీ ఒకే తూకంలో వేయలేం. కానీ అంతటి ప్రమాదకరమైన నది మీద ప్రాజెక్టులు కట్టి, కింద ఉన్నవారిని అప్రమత్తం చేసే సైరన్ కూడా పెట్టకపోవడానికి గడువుతో పనేముంది? జోషీమఠ్ పాత కొండచరియల శిథిలాల మీద నిలిచిందని, భారీ కట్టడాలు వద్దని 1976లోనే ప్రభుత్వం నియమించిన మిశ్రా కమిటీ చెప్పింది. 2023 జనవరి నాటికి అక్కడ 800కు పైగా భవనాలు బీటలు వారాయి. చెప్పినవారు లేక కాదు, వినేవారు లేక జరిగిన నష్టమిది.

ఇప్పుడు రిషీకేశ్ నుంచి కర్ణప్రయాగకు 125 కిలోమీటర్ల రైలు మార్గం కడుతున్నారు. అందులో అధిక భాగం సొరంగాలే. కొండవాసులకు ఆసుపత్రి, కాలేజీ దగ్గరవుతాయంటే కాదనే హక్కు మైదానంలో ఉండే మనకు లేదు. యాత్రికుడికి మాత్రం కిటికీలోంచి కనిపించే లోయ కూడా ఇక దక్కదు. ఆ రైలు దించే జనం మరింత పైకి, మరింత సున్నితమైన కొండల మీదికి ఒక్కసారిగా చేరతారు. రోజుకు ఎంతమందిని పైకి పంపాలన్న పరిమితిని అప్పుడు రద్దీ చూసి సడలించకూడదు, కొండ మోయగల బరువును బట్టి ఖాయం చేయాలి.

మన చేతిలో ఉన్నదీ కొంత ఉంది. యాత్ర బుక్ చేసుకునేటప్పుడే దేవప్రయాగలో ఒక రాత్రి, కర్ణప్రయాగ నుంచి ఆదిబదరీ ఆలయాలకు ఒక పూట కావాలని అడగవచ్చు. మే, జూన్ నెలల్లోనే వెళ్లాలన్న పట్టుదలా అక్కర్లేదు. బదరీ తలుపులు మూసిన తర్వాత ఉద్ధవ, కుబేర మూర్తులు పాండుకేశ్వర్‌కు, శంకరాచార్యుల గద్దె జోషీమఠ్ నరసింహాలయానికి చేరతాయి, చలికాలమంతా పూజలు అక్కడే. ఆ నెలల్లో దారిలో రద్దీ ఉండదు, కొండమీద భారమూ తగ్గుతుంది, యాత్రా కాలం ముగిశాక ఖాళీగా ఉండే లోయలోని బసలకు నాలుగు రూపాయలు అందుతాయి.