అందరూ చూశారు సరే, ఒకేసారి చూశారా?

2023 నవంబర్ 19న వన్డే ప్రపంచకప్ ఫైనల్‌ని ఒక దశలో 5.9 కోట్ల మంది ఒకేసారి చూశారని హాట్‌స్టార్ గొప్పగా చెప్పుకుంది. అంతకు మూడు నెలల ముందు చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగుతుంటే ఇస్రో యూట్యూబ్ ఛానల్‌లో 80 లక్షలు దాటారు. లెక్కలు సరే, నా అనుమానమల్లా ఆ 'ఒకేసారి' మీదే.

స్ట్రీమింగ్‌లో వీడియో కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. మధ్యలో ఆగిపోకుండా ప్లేయర్ రెండు మూడు ముక్కలు ముందే దాచుకుని మరీ మొదలుపెడుతుంది, అందుకే ఫోన్లో చూసేవాళ్లు టీవీ వాళ్ల కంటే చాలాసార్లు 20, 30 సెకన్లు వెనకబడి ఉంటారు. పైగా ఆ వెనకబాటు ఒక్కో ఫోన్‌కి ఒక్కోలా ఉంటుంది.

అరనిమిషమే కదా అనిపిస్తుంది. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ గుర్తు చేసుకోండి. అర్జెంటీనా, ఫ్రాన్స్ 3-3తో సమానమై ఆట పెనాల్టీలకి వెళ్లింది. అక్కడ అరనిమిషం వెనకుంటే, మీ స్క్రీన్ మీద ఆటగాడు ఇంకా బంతి సర్దుకుంటుండగానే పక్కింట్లోంచి అరుపు వినిపిస్తుంది, లేదంటే వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఎమోజీలు కుమ్మరిస్తారు. ఇక టెన్షన్ ఎక్కడిది? కలిసి చూడటంలోని మజా అంతా ఏమవుతుందో ఎవరికీ తెలియని ఆ కొద్ది క్షణాల్లోనే ఉంది.

ఆలస్యం కొత్తదేమీ కాదు. 1969లో చంద్రుడి మీద మనిషి కాలు పెట్టినప్పుడు ఆ సిగ్నల్ భూమిని చేరడానికే సెకను పైన పట్టింది. కానీ ఆ ఆలస్యం చూసేవాళ్లందరికీ ఒకటే, కాబట్టి ఎవరూ ఎవరికీ ముందుగా చెప్పేయలేకపోయారు.

డిజిటల్ వల్ల లాభం లేదని కాదు. వేర్వేరు దేశాల్లో ఉన్న స్నేహితులు ఒకే మ్యాచ్ మీద చాట్‌లో కొట్టుకోవడం పాత టీవీ ఇవ్వలేని సరదా. (సగం మంది మ్యాచ్ కంటే చాటే ఎక్కువ చూస్తారు, అది వేరే గొడవ.) కానీ ఆ చాట్ నిలబడాలన్నా అందరూ ఒకే బంతి చూస్తూ ఉండాలి కదా.

ఆలస్యాన్ని కొన్ని సెకన్లకి తగ్గించే టెక్నాలజీ ఉంది. కాకపోతే దాచుకునే ముక్కలు తగ్గితే నెట్ కాస్త తడబడినా వీడియో ఆగిపోతుంది, అప్పుడు తిట్లు కంపెనీకే. అరనిమిషం లేటుకి మాత్రం ఎవరూ పెద్దగా తిట్టరు, చాలామందికి లేటుగా చూస్తున్నామనే తెలియదు. ఎంతమంది చూస్తున్నారో స్క్రీన్ మీద లైవ్‌లో చూపించే యాప్‌లు, మీరు ఎన్ని సెకన్లు వెనకున్నారో కూడా దాని పక్కనే చూపించొచ్చుగా!