దెబ్బ తగిలిన కాలికి జీవితాంతం సెలవు ఇమ్మంటున్న మెసేజ్ గురించి

"దెబ్బ తగిలిన కాలితో పరుగా? తస్మాత్ జాగ్రత్త!" అని ఎర్ర అక్షరాల ఫార్వర్డు ఒకటి తిరుగుతోంది కదా, దయచేసి నాకు ఇంక పంపకండి. ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, గుంటూరు నుంచి మా పెద్దమ్మ పంపింది, ఆఫీసులో పక్క సీటాయన అయితే "మీ కోసమే పంపానండీ" అని విడిగా పంపాడు. చీలమండ బెణికి, కోలుకుని, కౌచ్ టు 5కే ప్రోగ్రామ్ (అసలు పరిగెత్తనివాళ్ళని నడక, పరుగు కలిపి వారం వారం పెంచుతూ 9 వారాల్లో 5 కిలోమీటర్ల పరుగుకి తెస్తామనే ప్లాను) పూర్తి చేశానని తెలిసిన దగ్గర్నుంచి ఊరందరికీ నా కాలి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. సరే, చదివా. ఇదిగో జవాబు.

ఆ మెసేజ్ ప్రకారం గుండె ఇన్నిసార్లే కొట్టుకోవాలని దేవుడు లెక్క రాశాడట, పరిగెత్తితే ఆ లెక్క తొందరగా అయిపోతుందట. లెక్కే చేద్దాం. అరగంట పరుగులో గుండె 72 బదులు 150 కొట్టుకుందనుకోండి, అదనంగా ఖర్చయ్యేవి 2,340. కొన్నాళ్ళు చేశాక మామూలుగా కూర్చున్నప్పటి రేటు 72 నుంచి 66కి దిగిందనుకోండి, రోజుకి మిగిలేవి 8,640. దేవుడి దగ్గర బ్యాలెన్స్ పెరుగుతోంది స్వామీ.

రోజుకి 10,000 అడుగులు చాలని సైన్సు చెప్పిందట. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మెషీన్ అమ్ముకోడానికి పెట్టుకున్న నంబరు అది. నడక మంచిదే, ఎవరు కాదన్నారు. తర్వాతది.

"మోకాలి గుజ్జు బైకు టైరు లాంటిది, అరిగితే అంతే." వినడానికి బావుంది, అందుకే అందరూ నమ్ముతారు. కానీ గుజ్జు ప్రాణమున్నది, దానికి రక్తనాళాలు లేవు, కీలులో ఉండే జిగురు నీళ్ళలోంచే తిండి తెచ్చుకోవాలి, బరువు పడి నొక్కుకుని మళ్ళీ వదులైతేనే ఆ నీళ్ళు లోపలికీ బయటికీ ఆడతాయి. చాలా స్టడీలు కలిపి చూసిన 2017 రివ్యూ ఒకటుంది, అందులో సరదాగా పరిగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళు 3.5 శాతం, పరుగు జోలికే పోని వాళ్ళలో 10.2 శాతం. పోటీల్లో పరిగెత్తేవాళ్ళలో మాత్రం 13.3, అది దాచను. అలాగే మోకాళ్ళు ముందే నొప్పెట్టేవాళ్ళు ఎలాగూ పరిగెత్తరు కాబట్టి పరుగే కాపాడిందని నేను ఒట్టు వెయ్యను. కానీ నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక అని మొదలుపెట్టిన నన్ను చూసి ఒలింపిక్స్ వాళ్ళ మోకాళ్ళ గురించి బెంగ పెట్టుకోవడం ఏంటండీ!

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్ళు మండిన పాయింటు. "లిగమెంటు ఒకసారి సాగితే 3 నెలలు కాలు కదపకూడదు, తర్వాత జీవితాంతం పరుగు మానెయ్యాలి." లిగమెంటు అంటే కీలు దగ్గర ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ, బెణికితే సాగేది అదే. మిగతావి చదివి నవ్వుకుని వదిలేస్తారు, దీన్ని మాత్రం జనం పాటిస్తారు, అదీ నా బాధ. మా కింద ఫ్లోరు ఆయన బెణుకుకే ఇలా మంచం ఎక్కి, దిగేసరికి పిక్క సన్నబడిపోయి, ఇప్పుడు మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుంటున్నాడు, మళ్ళీ ఆయనే నాకు జాగ్రత్తలు చెప్తాడు. మొదటి కొన్ని రోజులు కాలికి పని తగ్గించాలి, ఒప్పుకుంటా. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే సూత్రాన్ని 1978లో పాపులర్ చేసిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కినే తర్వాత ఐసూ, పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చెయ్యొచ్చని చెప్పాడు, ఆయన మాట మార్చుకున్నా మన గ్రూపులు మార్చుకోవు. సాగిన లిగమెంటు గట్టిపడాలంటే దాని మీద కొంచెం కొంచెంగా బరువు పడాలి. పైగా బెణికినప్పుడు పోయేది బలం ఒక్కటే కాదు, పాదం ఎక్కడ ఎలా ఆనుతోందో తెలిసే ఆ పట్టు కూడా పోతుంది, అందుకే ఒకసారి బెణికిన కాలే మళ్ళీ మళ్ళీ బెణుకుతుంది. ఫిజియో నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి పళ్ళు తోమించింది, రబ్బరు బ్యాండు లాగించింది, మడమలు ఎత్తించి దించింది దీనికోసమే. అవన్నీ అయ్యాకే పరుగు. పరుగులో కూడా నొప్పి పదికి మూడు దాటకపోయి, తెల్లారేసరికి సర్దుకుంటే ముందుకి, లేకపోతే అదే వారం మళ్ళీ చెయ్యి, సిగ్గేం లేదు. ఎముక మీద నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు కూడా వెయ్యలేకపోయినా ముందు ఎక్స్‌రే తీయించుకోండి, ఆపరేషన్ అయినవాళ్ళు మీ సర్జన్‌నే అడగండి, నన్నూ కాదు, ఆ ఎర్ర అక్షరాలనీ కాదు.

ఇంతా చెప్పి కింద ఏం రాశాడో చూశారా, "తప్పక పరిగెత్తాల్సి వస్తే ముందు ఒక నొప్పి బిళ్ళ వేసుకోండి". భలే! ఆగమని చెప్పేదే ఆ నొప్పి, దాని నోరు మూసేసి పరిగెత్తాలట. మే నెల బెజవాడలో తెల్లారకముందే చొక్కా తడిసిపోతుంది, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీలకి వెళ్ళే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి, బీపీ మాత్రలు వాడేవాళ్ళకి మరీ ప్రమాదం. మా పెద్దమ్మకి బీపీ ఉంది. ఇది చదివి మోకాళ్ళ కోసం బిళ్ళ మింగితే ఆ రాసినవాడు వచ్చి చూస్తాడా?

ఒక్క పాయింటు మాత్రం వాడిదే కరెక్టు, ఒప్పుకోక తప్పదు: "9 వారాల్లో 5 కిలోమీటర్లు అనేది ఉత్తమాట" అన్నాడు. నిజమే. ప్రోగ్రామ్ చివర్లో వచ్చేది ఆగకుండా 30 నిమిషాల పరుగు, కొత్తవాళ్ళలో చాలామందికి అందులో 5 కిలోమీటర్లు రాదు. వారాలు రిపీట్ చేస్తూ వచ్చాను కాబట్టి నాకు 9 వారాల్లో అవ్వనే లేదు. మన ప్రకాశం బ్యారేజీ 1.2 కిలోమీటర్ల పైచిలుకు, అటూ ఇటూ రెండుసార్లు తిరిగినా 5కి కొంచెం తక్కువే, ఆ రెండో రౌండులో సీతానగరం వైపు నుంచి వెనక్కి వస్తూ సగం దాటకముందే నా 30 నిమిషాలు అయిపోయాయి. పేరు మార్చమని ప్రోగ్రామ్ వాళ్ళకి రాయండి, నేనూ సంతకం పెడతా.