క్యాష్ బయ్యర్ల లిస్టు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ క్యాష్ బయ్యర్ల లిస్టు గారి దివ్య సముఖానికి,

మొన్న శుక్రవారం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగూ నలభై దాకా టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న మెస్కీట్‌లో ఒక ఇంటి డ్రైవ్‌వేలో, 101 డిగ్రీల ఆగస్టు ఎండలో తమరి కోసం నిలబడ్డవాణ్ణి నేనే. తమరంటే, అప్పు లేకుండా రొక్కం పెట్టి ఇళ్లు కొనేవాళ్ల పేర్లతో నేను చేసుకున్న పట్టిక. అందులో 17వ వరుస కోసం. "హండ్రెడ్ పర్సెంట్ వస్తున్నా బ్రో, క్యాష్ రెడీ" అన్నారు కదా, ఆ వరుస. రెండింటికి "ఆన్ ది వే". రెండున్నరకి "635 హైవే మీద ఇరుక్కున్నా". మూడుంబావు నుంచి ఫోన్ ఎత్తడం మానేశారు. 635 మీద ఇరుక్కున్నవాళ్లు ఎప్పటికైనా బయటపడతారు. తమరు అక్కడే ఇల్లు కొనుక్కున్నట్టున్నారు. క్యాష్ పెట్టే కొనుంటారు లెండి.

తమరిని పెంచి పెద్ద చేసింది నేనేనని సవినయంగా గుర్తు చేస్తున్నా. నాది హోల్‌సేలింగ్ అనే పని: ఇల్లు కొనకుండానే అమ్మేవాళ్లతో కాంట్రాక్టు రాసుకుని, ఆ కాంట్రాక్టుని ఫీజు కలిపి తమరిలాంటివాళ్లకి అప్పగించడం. "డీల్ దొరకడమే కష్టం, బయ్యర్లదేముంది, క్యూ కడతారు" అని వీకెండ్ సెమినార్లో గురువుగారు సెలవిచ్చారు. ఆ మాట పట్టుకుని నాలుగు నెలలు రాత్రిళ్లు కూర్చున్నా. కౌంటీ రికార్డుల్లో డీడ్ (ఇల్లు చేతులు మారిన కాగితం) ఉండి, దాని వెంట డీడ్ ఆఫ్ ట్రస్ట్ (ఇంటి తాకట్టు కాగితం) లేని, అంటే అప్పు లేకుండా కొన్న ఇళ్లు వెతికి, ఎల్ఎల్‌సీ అనే కంపెనీ పేరు వెనక ఉన్న మనిషిని పట్టుకుని, ఇన్వెస్టర్ల మీటప్పుల్లో చల్లారిన పిజ్జా తిని విజిటింగ్ కార్డులు ఏరుకొచ్చి 412 వరుసలు చేశా. పిల్లాడి హోంవర్క్ మీద ఇందులో పదో వంతు శ్రద్ధ పెట్టలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. తీరా చూస్తే ఆ 412 మందిలో సగం మంది నాలాంటి హోల్‌సేలర్లే. నేను పంపిన డీల్‌కే ఐదు వేలు కలిపి, నా ఫొటోలతోనే తిరిగి నాకు పంపిన మహానుభావుడు కూడా ఉన్నాడు, వరుస 203. అతని మీద నాకు కోపం లేదు. పాపం, పని చేస్తున్నాడు.

ఇతర కష్టాలతో తమరిని విసిగించను. డూ నాట్ కాల్ రిజిస్ట్రీలో (మార్కెటింగ్ ఫోన్లు వద్దన్నవాళ్ల జాబితా) ఉన్నవాళ్లకి మెసేజ్ పెడితే ఒక్కోదానికి 500 డాలర్ల దాకా, తెలిసి పెడితే 1,500 దాకా పడుతుందని నాకు చెప్పింది గురువుగారు కాదు, ఆ మెసేజ్ అందుకున్నాయన. ఇల్లినాయిలో పన్నెండు నెలల్లో ఒక డీల్ దాటితే లైసెన్సు ఉండాలి. ఓక్లహోమా 2021లో మా పని మీద చేసిన చట్టం పేరే "ప్రెడేటరీ" (దోచుకునే) అని మొదలవుతుంది. ఇవేవీ స్లైడ్లలో లేవు. అద్దెకు తెచ్చిన కారు ముందు గురువుగారి ఫొటో మాత్రం మూడు స్లైడ్లలో ఉంది.

మెస్కీట్ ఇంటి లెక్క తమరికి తెలియంది కాదు, ఆరుసార్లు పంపా. బాగు చేశాక 2,40,000 డాలర్లు పలుకుతుందని అనుకున్నా. కొనేవాడి లాభం, ఖర్చులు పోను అందులో 70 శాతం 1,68,000. రిపేర్లకు 45,000 తీసేస్తే 1,23,000. నా ఫీజు 8,000 పక్కన పెట్టి, 1,15,000కి ఆ ఇంటి పెద్దావిడతో కాంట్రాక్టు రాశా. "అనుకున్నా" అని ఎందుకంటున్నానంటే, టెక్సాస్‌లో ఇల్లు ఎంతకు అమ్ముడైందో కౌంటీకి చెప్పాల్సిన పని లేదు. లైసెన్సు లేనివాడు తెలిసిన ఏజెంట్ గడ్డం పట్టుకుని బతిమాలి రేట్లు కనుక్కోవాలి.

412 మందిలో ఇంటికొచ్చి చూసింది వరుస 88 ఒక్కడే. జేబులోంచి గోల్ఫ్ బంతి తీసి హాల్లో గోడ పక్కన పెట్టాడు. ఎవరూ తొయ్యకుండానే అది నెమ్మదిగా కదిలి, డైనింగ్ టేబుల్ కింద నుంచి దొర్లి, కిచెన్ కేబినెట్‌కి టక్కుమని తగిలింది. బంతి తీసి జేబులో వేసుకుని, "ఫౌండేషన్" అని ఒక్క మాటనేసి వెళ్లిపోయాడు. అక్కడిది మన నల్లరేగడి లాంటి మట్టే. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, పైనున్న ఇంటిని తనతోపాటు ఊపుతుంది. కింద పియర్లు, అంటే ఇంటిని మోసే స్తంభాలు, దింపాలి. నా 45,000లో ఆ పియర్లు లేవు. అయినా వరుస 88కి నా నమస్కారం. వచ్చాడు, చూశాడు, కాదన్నాడు. దానికి అతనికి పావుగంట పట్టింది.

తమరికేమో మూడు రోజులు చాల్లేదు.

శుక్రవారం నా ఆప్షన్ పీరియడ్‌కి, అంటే ఫీజు కట్టి కొనుక్కున్న రద్దు గడువుకి, ఆఖరి రోజు. సాయంత్రం 5 గంటల్లోపు రద్దు నోటీసు ఇస్తేనే ఎర్నెస్ట్ మనీ (బయానా) వెనక్కొస్తుంది. నేను డ్రైవ్‌వేలో నిలబడి ఉండగా పెద్దావిడ మూడుసార్లు బయటికొచ్చింది. మొదటిసారి మంచినీళ్లు తెచ్చింది. రెండోసారి మడత కుర్చీ తెచ్చింది. మూడోసారి చేతిలో ఏమీ లేదు. గుమ్మంలో నిలబడి రోడ్డు వైపు చూసి లోపలికెళ్లింది. హాల్లో అట్టపెట్టెలు సర్ది ఉన్నాయి. వాటి మీద మార్కర్‌తో "తల్సా, కిచెన్" అని, "తల్సా, ఫొటోలు" అని రాసుకుంది. ఓక్లహోమాలోని తల్సాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. నాలుగూ యాభై రెండుకి కారులో ఏసీ వేసుకుని నోటీసు ఈమెయిల్ చేశా. ఆప్షన్ ఫీజు 200 డాలర్లు పోయాయి. తర్వాత దిగి వెళ్లి ఆవిడకి చెప్పా. సరే అంది. కుర్చీ మడిచి తీసుకెళ్లింది.

ఇక మర్యాదలు నావల్ల కాదు. ఒరేయ్ లిస్టూ, రానని ఒక్క ముక్క చెప్పడానికి నీకేం రోగం? కాదంటే నేనేమైనా కొరుకుతానా? మంగళవారమే "వద్దు" అనుంటే ఆవిడ ఆ పెట్టెలు కట్టేది కాదు! నిన్ను తిట్టుకుంటూనే బయల్దేరా. 635 నిజంగానే ఆగిపోయి ఉంది. ఇంచి కదలని ఆ ట్రాఫిక్‌లో వద్దన్నా ఒక మాట గుర్తొచ్చింది. "నేను కొంటానండీ, క్యాష్, రెండు వారాల్లో." ఆవిడ కిచెన్ టేబుల్ దగ్గర కాఫీ తాగుతూ నేనన్న మాట. ఆ రోజు నా అకౌంట్‌లో ఉన్నది 6,300 డాలర్లు. కాంట్రాక్టులో నా పేరు పక్కన "అండ్/ఆర్ అసైన్స్" (నేను, లేదా నేను హక్కు అప్పగించినవాళ్లు) అని రాసుకుంటుంటే అదేంటని అడిగింది. ఫార్మాలిటీ అన్నా. నేను అమ్మేది ఇల్లు కాదు, కాంట్రాక్టులో నా హక్కు మాత్రమేనని కొనేవాడికి చెప్పి తీరాలని 2017 నుంచి ఇక్కడ చట్టం ఉంది. నీకు పంపిన ప్రతి మెసేజ్ కింద ఆ ముక్క బుద్ధిగా రాశా. ఆవిడకి మాత్రం చెప్పలేదు.

రాత్రి తొమ్మిదింబావుకి నీ 17వ వరుస మెసేజ్ పెట్టాడు. "స్టిల్ అవైలబుల్? బెస్ట్ ప్రైస్ ఎంత?" ఫోన్ బోర్లా పెట్టేశా.

ఇవాళ పొద్దున ఆవిడ ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. కరెంటు వాళ్లకి నెలాఖరున కట్ చెయ్యమని చెప్పిందట, ఇప్పుడు వద్దని చెప్పాలా అని అడిగింది. చెప్పండి అన్నా. కాసేపు ఆగి, పోనీ కొనేవాళ్లెవరైనా నీకు తెలుసా బాబూ అన్నట్టుగా అడిగింది. "నా దగ్గర పెద్ద లిస్టే ఉందండీ" అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి, లైసెన్సున్న ఏజెంట్ ఒకావిడ నంబర్ ఇచ్చా.

నీ 17వ వరుసకి ఎర్ర రంగు పూశా. డిలీట్ మాత్రం ఇంకా చెయ్యలేదు.

ఇట్లు,
తమ విధేయుడు, అండ్/ఆర్ అసైన్స్