ఐదు గళ్ల సర్వే ఫారం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సంతృప్తి సర్వే ఫారం గారి సముఖానికి,

విశ్వవిద్యాలయం ప్రహరీగోడకు ఇవతల కాపురముంటున్నవాణ్ణి రాసుకుంటున్నాను.

నిన్న తమరు అట్టకు క్లిప్పుతో బిగించుకుని ఒక విద్యార్థి చేతిలో మా గుమ్మంలోకి దయచేశారు. 'ఇరుగుపొరుగుతో విశ్వవిద్యాలయం అనుబంధం మీకు ఏ మేరకు తృప్తినిచ్చింది?' అని అడిగి ఐదు గళ్లు చూపించారు. నేను ఆలోచనలో పడ్డాను. "నాలుగు పెట్టేయండంకుల్, అందరూ అదే పెట్టారు" అన్నాడు కుర్రాడు. పాపం, ఇంకా ముప్పై ఇళ్లు తిరగాలట. అమెరికా మనస్తత్వవేత్త రెన్సిస్ లికర్ట్ 1932లో ఈ ఐదు మెట్ల పద్ధతి చెప్పింది మనిషి మనసులో ఏముందో తెలుసుకుందామనే. కుర్రాడి మనసులో ఏముందో మాత్రం నాకు బాగానే తెలిసింది.

తమరి పొట్టనిండా లెక్కలే. ఎన్ని ఒప్పందాలు, ఎన్ని శిబిరాలు, ఎన్ని గంటల స్వచ్ఛంద సేవ! పెళ్లికొచ్చిన జనాన్ని లెక్కపెట్టి కాపురం బ్రహ్మాండమని రాసేసుకున్నట్టుంది.

1355 ఫిబ్రవరి 10న ఆక్స్‌ఫర్డ్‌లో, కొట్లో పోసిన వైన్ బాగాలేదని విద్యార్థులు గొడవకు దిగారు. అది ఊరికీ విశ్వవిద్యాలయానికీ మధ్య నెత్తుటి కొట్లాటయింది. ప్రాయశ్చిత్తంగా ఊరి పెద్దలు ఏటా 63 పెన్నీలు విశ్వవిద్యాలయానికి చెల్లించాలన్నారు. చనిపోయిన విద్యార్థులు 63 మందని వాడుక. ఊరివాళ్లూ పోయారు గానీ వాళ్ల పేర పెన్నీ లేదు. ఆ తంతు 1825 దాకా సాగింది. ఆ వసూళ్ల పట్టీ తమరి చేతికిస్తే 'దీర్ఘకాలిక భాగస్వామ్యం' గడిలో టిక్కు కొట్టెయ్యరూ?

తమరి వంశంలో కాస్త మర్యాద తెలిసినవాళ్లూ లేకపోలేదు. 2010లో వచ్చిన ట్రెస్ అనే కొలమానం, ఈ బంధం ఒకరు ఇంకొకరిని వాడుకోవడమా, ఇచ్చిపుచ్చుకోవడమా, ఇద్దర్నీ మార్చేదా అని అడుగుతుంది. ఇప్పుడెలా ఉంది అనడంతో ఆగదు, ఎలా ఉండాలనుకుంటున్నారనీ అడుగుతుంది. తమరు నన్నెప్పుడైనా ఆ రెండో మాట అడిగారా?

చివర్లో 'ఇతరములు' అని బొటనవేలంత జాగా వదిలారు. ధన్యుణ్ణి. 'పోయినేడు నింపిన ఫారాల్లో ఏం తేలిందో మాకూ చెప్పండి. గ్రంథాలయంలోకి మా పిల్లల్ని కూడా' అనేసరికి గీత అయిపోయింది. కాగితం తిప్పి వెనక రాయబోయాను.

"వెనక పేజీ స్కాన్ అవదంకుల్" అన్నాడు.

ఇట్లు,
వరుస సంఖ్య 217
(నాలుగో గడి)