టమాటా సూప్ అని రాస్తే ఎవరి పరువు పోతుంది?

వచ్చే వారం నుంచి మా రెస్టారెంట్ మెనూలో టమాటా సూప్ అనే మాట కనిపించదు. సూప్ అదే, చేసేది నేనే, ట్రే అదే, ఓవెన్ అదే. పేరు మాత్రం ‘స్లో రోస్టెడ్ హెయిర్‌లూమ్ టొమాటో వెలూటే విత్ ఆర్టిసనల్ చెడ్డర్ టోస్ట్’. ఇవాళ మధ్యాహ్నం మీటింగ్‌లో తేల్చేశారు. బ్రాండింగ్ చూసే ఆయన ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు, ఓనర్ గారు బాగుందన్నారు, అంతే, తర్వాతి ఐటమ్‌కి వెళ్ళిపోయారు. వండేది నేను. నన్ను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చినా ఒళ్ళు మండుతూనే ఉంది.

వెలూటే అంటే ఏంటో వంట నేర్చుకున్న ప్రతివాడికీ తెలుసు. వెన్నలో మైదాని లేత రంగు వచ్చేదాకా వేయించి, కోడి స్టాకో చేప స్టాకో, అంటే ఎముకలు మరిగించిన నీళ్ళు, పోసి చిక్కబరిచే సాస్ అది. ఫ్రెంచ్ వంటలో మిగతా సాసులకి ఆధారమైన మదర్ సాసుల్లో ఒకటి. నా సూప్‌లో మైదా లేదు, స్టాక్ లేదు. టమాటాలు సగానికి కోసి, కోసిన వైపు పైకి పెట్టి, ఉప్పు, నూనె, తొక్క తీయని వెల్లుల్లి రెబ్బలు వేసి ఓవెన్‌లోకి తోస్తాను. అంచులు నల్లబడి, ట్రే అడుగున రసం తేనెలా సాగేదాకా బయటికి తీయను. ఆ ట్రేకి అంటుకున్నదాన్ని వేడినీళ్ళు పోసి చెక్క గరిటెతో గీకి మళ్ళీ సూప్‌లోనే కలుపుతాను. రుచంతా అక్కడే ఉంది. తర్వాత రుబ్బడం, వడకట్టడం, చివర్లో చిన్న వెన్నముక్క. ఇందులో వెలూటే ఎక్కడుంది, నాకు చూపించండి.

ఇది మాటల గొడవ అనుకోకండి. మాంసం తిననివాళ్ళు భయం లేకుండా ఆర్డర్ చేసే సూప్ ఇది. గోధుమ పడనివాళ్ళు టోస్ట్ వద్దని చెప్పి సూప్ తాగుతారు. రేపు వంట తెలిసినవాళ్ళు ఎవరైనా వెలూటే అని చదివి, చికెన్ స్టాక్ ఉందేమో, మైదా ఉందేమో అనుకుని పేజీ తిప్పేస్తే ఆ పాపం ఎవరిది? ఇక హెయిర్‌లూమ్ అంటే తరాలుగా విత్తనం దాచుకుంటూ వచ్చిన పాత రకాలు. మా కిచెన్‌లోకి దిగే డబ్బాల్లో ఉన్నవి ఒకే సైజు హైబ్రిడ్ టమాటాలు. మంచివే, నాకు వాటి మీద ఏ ఫిర్యాదూ లేదు. కానీ లేనిదాన్ని ఉన్నట్టు రాసి డబ్బులు తీసుకోవడం మోసం. దానికి ఇంకో పేరు లేదు.

ఈ బ్రాండింగ్ వాళ్ళ దగ్గర ఒక కథ ఎప్పుడూ రెడీగా ఉంటుంది. ఇవాళా చెప్పాడు. పటగోనియన్ టూత్‌ఫిష్ అంటే ఎవరూ కొనరని, 1977లో లీ లాంట్జ్ అనే అమెరికన్ చేపల వ్యాపారి దానికి చిలియన్ సీ బాస్ అని పేరు పెట్టాడు, తర్వాత అది పెద్దపెద్ద రెస్టారెంట్లకి ఎక్కింది. నిజమే. కానీ అసలది సీ బాసే కాదు. గిరాకీ పెరిగి, దొంగవేట పెరిగి, చివరికి 2002లో అమెరికాలో ఆ చేపని మెనూల నుంచి తీసేద్దామనే ఉద్యమంలో చెఫ్‌లు కూడా చేరాల్సి వచ్చింది. కథలో ఆ సగం మాత్రం ఎవరూ చెప్పరు. అయినా అది ఎవరికీ తెలియని చేప. టమాటా సూప్ తెలియనివాళ్ళు ఎవరున్నారు? దాన్ని కొత్తగా పరిచయం చేయాల్సిన అవసరం ఏముంది?

డబ్బు, అంతే. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ డాన్ జురాఫ్‌స్కీ, ఆయన తోటివాళ్ళు కలిసి 6,500 మెనూల్లోని 6.5 లక్షల వంటకాలను లెక్కలోకి తీసుకుని చూశారు. వర్ణనలో వాడిన మాటల సగటు పొడవు ఒక్క అక్షరం పెరిగిన చోట ధర 18 సెంట్లు ఎక్కువ ఉంది. మా ఓనర్ గారికి ఆ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు, పుట్టుకతోనే తెలుసు. పేరుతో పాటే రేటూ మారుతోంది. టమాటాలు మారలేదు, నా జీతం మారలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం టేబుల్ దగ్గర జరిగేది. కంఫర్ట్ ఫుడ్ కోసం వచ్చేవాళ్ళు ఎలాంటి రోజున వస్తారో మీకు తెలుసు. ఒంట్లో బాగోని రోజు, ఆఫీసులో మాటలు పడ్డ రోజు, ఎవరూ తోడులేని రోజు. అలాంటి మనిషి మెనూ తెరిచి, ఇలాంటి పేరు ఎలా పలకాలో తెలియక, గొంతు తగ్గించి, వేలు పెట్టి ‘ఇది’ అని చూపిస్తాడు. ఎన్నోసార్లు చూశాను. మా సర్వీస్ కుర్రాడు కూడా కిచెన్‌లోకి వచ్చి, ‘అన్నా, దీన్ని ఎలా పలకాలి?’ అని అడుగుతాడు. చెప్పేవాడూ ఇబ్బందిపడి, వినేవాడూ ఇబ్బందిపడి, ఇక ఆ గిన్నెలో ఊరట ఎక్కడ మిగులుతుంది?

పెద్ద రెస్టారెంట్ అంటే అలాగే ఉండాలంటారు. అబద్ధం. ఫ్రెంచ్ చెఫ్ జోయెల్ రోబుషాన్ పారిస్‌లో మూడు మిషెలిన్ స్టార్లు, అంటే రెస్టారెంట్లకిచ్చే అతిపెద్ద గుర్తింపు, తెచ్చుకున్న రోజుల్లో ఆయన్ని అందరూ తలుచుకున్నది బంగాళదుంప పూరే కోసం. మెత్తగా మెదిపిన బంగాళదుంప, వెన్న, పాలు, ఉప్పు. పేరు కూడా అదే, బంగాళదుంప పూరే. న్యూయార్క్‌లో డేనియల్ బూలూ అనే చెఫ్ 2001లో ఫోయ్ గ్రా (కొవ్వు పట్టించిన బాతు కాలేయం), ట్రఫుల్ (నేలలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగు లాంటిది) కూరి చేసినదాన్ని కూడా బర్గర్ అనే అమ్మాడు. అంతకుముందు 1917లో అదే ఊళ్ళో రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో లూయీ డియా అనే చెఫ్, చిన్నప్పుడు అమ్మా అమ్మమ్మా చేసిన బంగాళదుంప సూప్‌లో చల్లటి పాలు పోసుకుని తాగింది గుర్తొచ్చి, దాన్ని చల్లగా వడ్డించాడు. తను పుట్టిన చోటికి దగ్గర్లోని విషీ పట్టణం పేరు మీద విషిస్వాజ్ అన్నాడు. గొప్పగా వినిపించే పేరే, కానీ అందులో అబద్ధం లేదు. ఆయన వచ్చింది అక్కడినుంచే, సూప్ వచ్చిందీ ఆ ఇంటినుంచే.

మాలాంటి చోట పేరుకి తగ్గట్టు సూప్ మీద రెండు చుక్కలు ట్రఫుల్ ఆయిల్ వేయమన్నారు. ట్రఫుల్ ఆయిల్! మార్కెట్‌లో దొరికేవాటిలో చాలావరకు ట్రఫుల్ ముఖమే చూడవు. మామూలు నూనెలో 2,4-డైథయాపెంటేన్ అనే కెమికల్ కలిపితే ఆ వాసన వస్తుంది. వేయను అని చెప్పాను. ‘కస్టమర్‌కి తేడా తెలియదు’ అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇంతకుముందు పనిచేసిన పాత చోటు గుర్తొస్తుంది.

పాత చోట మిగిలిపోయిన బ్రెడ్‌ని పారేయడం ఇష్టంలేక నేనొక బ్రెడ్ పుడ్డింగ్ చేశాను. మొదట స్టాఫ్ భోజనానికే. ముందురోజు రాత్రే పాలూ గుడ్లూ పోసి నానబెట్టి, పైన పంచదార కరిగి పెళుసుగా అయ్యేదాకా కాల్చేవాణ్ణి. అందరికీ నచ్చింది, మెనూలోకి ఎక్కింది. ఏ పేరుతో? మా హెడ్ చెఫ్ గారి అమ్మమ్మ పేరుతో! ఆవిడ కాలం నాటి వంట అని కింద రెండు లైన్ల కథ కూడా అచ్చేశారు. పేపర్ వాళ్ళు వచ్చినప్పుడు ఆయన ఆ ప్లేటు పట్టుకుని ఫొటో దిగారు. నేను వెనకాల స్టవ్ దగ్గర నిలబడి చూశాను. సొమ్మొకడిది, సోకొకడిది. అదేంటి సార్ అంటే ‘వంట కిచెన్‌ది, నీ ఒక్కడిది కాదు’ అన్నారు. మరి కిచెన్‌దైతే అమ్మమ్మ ఎక్కడినుంచి వచ్చింది?

అప్పుడు ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తో నోరు మూసుకున్నాను. ఈసారి ఊరుకోను. మెనూ శుక్రవారం ప్రింటుకి వెళ్తుంది. ఆలోపు వెలూటే తీసేయాలి, హెయిర్‌లూమ్ తీసేయాలి, ట్రఫుల్ ఆయిల్ నా కౌంటర్ మీదకి రాకూడదు. పేరు టమాటా సూప్, చీజ్ టోస్ట్. కింద చిన్న అక్షరాల్లో ఏమేం వేశామో, మాంసం స్టాక్ ఉందో లేదో రాయాలి. రేటు వాళ్ళిష్టం. ఒప్పుకోకపోతే సర్వీస్ కుర్రాళ్ళందరికీ నేనే చెప్తాను: ఎవరైనా అదేంటని అడిగితే టమాటా సూప్ అని గట్టిగా, టేబుల్ అంతా వినపడేలా చెప్పండి.